హెర్నియా తిరిగి వస్తే?

దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్ ఒక చిన్న పేట. హిందీలో బేర్ అంటే రేగు. సరాయ్ అంటే సత్రం. పేరుకు తగినట్లు ఆ పేట నేటికీ బాటసారులదే. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువకులు దేశం నలుమూలల నుంచి వచ్చి అక్కడి ఇరుకు గదుల్లో అద్దెకుంటారు. పుస్తకాల దుకాణాల్లో పాత ప్రశ్నపత్రాలు, నోట్సుల జిరాక్సు ప్రతులు కట్టలు కట్టలుగా దొరుకుతాయి. ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, అరవిందో మార్గానికి చెరొక వైపున, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఉన్నాయి. అందుచేత వైద్యానికై రాజధానికి వచ్చే తండ్రులకూ మేనమామలకూ కూడా ఆ విద్యార్థి గదులే విడిది కావటం సహజం.

అలా వచ్చిన ఒక నడివయసు తెలుగు రైతును ఊహించుకొందాం. మూడేళ్ళ క్రితం గజ్జలోని హెర్నియాకు తమ జిల్లాలోనే లాపరోస్కోపీ ద్వారా ఆపరేషన్ జరిగింది. గాట్లు మూడే, అవీ చిన్నవే. త్వరలోనే పొలం పనుల్లో పడ్డాడు. ఇప్పుడు అదే చోట, దగ్గినప్పుడల్లా మళ్ళీ ఉబ్బు కనిపిస్తున్నది. సిగ్గుపడి ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. బస్తాలెత్తి తానే చెడగొట్టుకొన్నానని అతని బాధ.

“ఆపరేషన్ కాగితాలు తెచ్చావా నాన్నా?” అని అడిగాడు కొడుకు.

“అవెందుకురా? మచ్చలు కనబడుతూనే ఉన్నాయిగా!” అన్నాడు తండ్రి.

ఆ కాగితాలు ఎందుకో తెలియాలంటే ముందు ఆ వ్యాధి స్వభావం కొంత తెలియాలి.

పొట్టగోడలో బలహీనమైన చోటు నుంచి లోపలి కొవ్వుగాని పేగుగాని బయటికి తోసుకొని రావటమే హెర్నియా. సుశ్రుతుడు దీనిని ఆంత్రవృద్ధి అన్నాడు. పురుషులలో నూటికి సుమారు 27 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జ హెర్నియాకు ఆపరేషన్ అవసరమవుతుందని అంచనా. 1880లలో ఇటలీ శస్త్రవైద్యుడు బస్సీనీ ఆ చోటును కండరాలతో కుట్టి బిగించే పద్ధతిని నెలకొల్పాడు. బిగించి కుట్టిన చోట లాగుడు ఎక్కువ, కుట్లు సడలేవి. 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బృందం కండరాలను లాగి కుట్టకుండా, ముందు వైపు నుంచి మెష్ అనే సన్నని వలను పరచి అతికే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చింది. 1990ల తొలినాళ్ళలో లాపరోస్కోపీ వచ్చింది. ఇందులో వల కండరానికి వెనుక, పేగులను కప్పే పలుచని పొరకు ముందు పరచుకొంటుంది. గోడ ఒకటే, మరమ్మతు ఒక దానిలో వీధి వైపు నుంచి, మరొక దానిలో ఇంటి లోపలి నుంచి.

లోపలి నుంచి వేసిన వల ఎందుకు విఫలమవుతుంది? వల చిన్నదైతే అంచు పక్క నుంచి హెర్నియా జారుతుంది. కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండాలని నిపుణుల మాట. వల మడతపడవచ్చు, పక్కకు జరగవచ్చు. మొదటిసారి కనబడని రెండవ రంధ్రమో, కొవ్వు ముద్దో మిగిలిపోవచ్చు. ఈ విద్యలో చేయి తిరగటానికి శస్త్రవైద్యునికి చాలా ఆపరేషన్ల అనుభవం కావాలి. పొగతాగటం, పుట్టుకతో వచ్చిన కణజాల బలహీనత కూడా కారణాలే. అయితే గాయం మానిన తరువాత మామూలు పని చేసుకొన్నందుకే హెర్నియా తిరిగి వస్తుందనటానికి గట్టి ఆధారం లేదు. ఆ రైతు ఆరు నెలలు మోసిన అపరాధ భావం బస్తా కన్న బరువైనది. అది అనవసరమైనది కూడా.

ఆపరేషనైన కొద్ది వారాలలో కనిపించే ప్రతి ఉబ్బూ హెర్నియా కాదు. ఖాళీ అయిన చోట నీరు చేరి, చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. సందేహముంటే అల్ట్రాసౌండ్ పరీక్ష తోడ్పడుతుంది.

నిజంగా హెర్నియాయే తిరిగి వస్తే మళ్ళీ అదే దారిన వెళ్ళటం కష్టం. లోపల పొరలు పాత వలకు అతుక్కుపోయి ఉంటాయి; మూత్రాశయం, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలు పక్కనే ఉంటాయి. కాని ముందు వైపు మునుపు కత్తి తగలనిది. అందువల్లనే 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు లాపరోస్కోపీ తరువాత తిరిగి వచ్చిన గజ్జ హెర్నియాకు ముందు నుంచి మరమ్మతు చేయమనీ, ముందు నుంచి చేసినది విఫలమైతే వెనుక నుంచి చేయమనీ సూచించాయి. ముందు వైపు ఆపరేషన్‌ను చాలామందికి ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చేయవచ్చు. చీము పట్టటంగాని, విడవని నొప్పిగాని లేకపోతే పాత వలను సాధారణంగా కదిలించరు. రెండు దారులూ విఫలమైనప్పుడు మాత్రం హెర్నియా చికిత్సలో విశేషానుభవం గల వైద్యుని ఆశ్రయించటమే మేలు.

దారి ఎంచుకోవాలంటే మొదటి దారి తెలియాలి. మచ్చలు లాపరోస్కోపీ జరిగిందని చెప్పగలవే గాని వల కొలత ఎంతో, దేనితో బిగించారో, లోపల ఏ ఇబ్బంది ఎదురైందో చెప్పలేవు. అది ఆపరేషన్ వివరాల కాగితమే చెబుతుంది. డిశ్చార్జి నాడే దానిని అడిగి తీసుకొని, ఒక జిరాక్సు ప్రతి వేరుగా దాచుకోవాలి. ఇంటి దగ్గరే మిగిలిపోతే ఫోటో తీయించి తెప్పించుకోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం కాగితాల కోసం ఆగరాదు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి తీవ్రమైనా, వాంతులు మొదలైనా, పైచర్మం ఎర్రబారినా పేగు బిగుసుకొని రక్తప్రసారం ఆగుతున్నదేమోనని అనుమానించాలి. అటువంటప్పుడు గంటలే విలువైనవి. అందుబాటులో ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి.