నెత్తుటిలోని చక్కెర

మా ఓర్వకల్లు రాళ్లసీమ. బావిలో నీటిమట్టమును తాడు దింపి కొలుచుట, గింజలను మానికతో కొలుచుట మా పెద్దలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్యలు. దోసెడు జొన్నలైనను కొలువక బదులీయని వారి సంతతి తమ నెత్తుటిలోని చక్కెరను కొలిపించుకొనుటకు మాత్రము వెనుదీయుచున్నది.

ఇందుకు కారణములు రెండు. మధుమేహము కలవారింటి రోగమనియు, జొన్నరొట్టె, కొర్రబువ్వ తినువారిని అంటదనియు ఒక భ్రమ. ఇంట ఒకరికున్నట్లు తెలిసినచో ఆడపిల్లల సంబంధములు తప్పిపోవునని ఒక భయము. మా పెద్దమ్మ ఈ రెంటికిని బలియైనది. రాత్రులందు పదేపదే లేచుచుండుట చూచి, పరీక్ష చేయించుకొమ్మని మేము పోరితిమి. "కొర్రబువ్వ తిన్న ఒళ్లురా ఇది, దీనికి చక్కెర జబ్బు యాడిదిరా?" అని నవ్వి తప్పించుకొన్నది. ఒకనాడు చేనిలో కాలికి ముల్లు దిగినది. నొప్పిని తెలుపవలసిన నరములు అప్పటికే చెడియుండుటచే ఆమెకు ఆ సంగతియే తెలియలేదు. పుండు ముదిరి వైద్యుని చేరునప్పటికి మోకాలి క్రింది భాగమును తీసివేయక తప్పినది కాదు. తరువాత ఆమె కూతునకు మంచి సంబంధమే కుదిరినది. తల్లి కాలు మాత్రము తిరిగి రాలేదు.

ఈ రోగము పూర్వజన్మ పాపఫలము కాదు. అన్నమైనను, రొట్టెయైనను అరిగి చక్కెరయై నెత్తుట కలియును. క్లోమమున పుట్టు ఇన్సులిన్ అను హార్మోను ఆ చక్కెరను కండరములలోనికి చొరనిచ్చును. ఆ హార్మోను చాలకున్నను, కండరములు దాని మాట వినకున్నను, చక్కెర నెత్తుటనే నిలిచి నరములను, కన్నులను, మూత్రపిండములను చెరచును. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఆ హార్మోనును సాధించిరి. 1922 జనవరిలో దానిని తొలిసారిగా ఒక బాలునకు సూదిమందుగా ఇచ్చిరి.

ఆ దశాబ్దముననే భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిన విద్యార్థి ఆయన. హార్వర్డులో ఆయన పనిచేసిన జీవరసాయన శాఖకు ఓటో ఫోలిన్ అధిపతి. నెత్తుటి చక్కెరను నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని షియెన్ వూతో కలిసి 1920లో ప్రకటించినది ఈ ఫోలినే. సుబ్బారావుగారు ఫిస్కెతో కలిసి భాస్వరమును సైతము నీలిరంగుతోనే కొలుచు పద్ధతిని 1925లో వెలయించిరి. ఆ కొలత చేతికి వచ్చుటచేతనే కండరములందు దాగియున్న ఫాస్ఫోక్రియాటిన్ 1927లో వారికి పట్టుబడినది. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు దొరకినది. జర్మనీలో లోమాన్ కూడ ఆ యేడే దానిని కనుగొనెను. ప్రాణుల కదలికకు కావలసిన శక్తిని చేతికందించు పదార్థమిది. కండరము చొచ్చిన చక్కెరకు మొదట భాస్వరమును తగిలించి పనిలో పెట్టునదియు ఇదియే.

1948లో సుబ్బారావుగారు పరదేశముననే కన్నుమూసిరి. ఆయన పటమునకు పూలదండ వేయుట సులభమే. కాని ఆయన విద్యకు పునాది కొలత. దానిని మన గడప దాటి లోనికి రానీయనిచో ఆ దండవలన ఫలమేమి?

మా ఓర్వకల్లు స్త్రీలు పొదుపు సంఘములు కట్టి, రూపాయి రూపాయికి లెక్క వ్రాసి, లెక్క బలమెంతటిదో లోకమునకు చూపిరి. సంఘము కూడు దినముననే వ్రేలికొన నుండి ఒక చుక్క నెత్తురు తీసి చక్కెర కొలిపింపరాదా? ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏటికొకమారు ఈ పరీక్ష చేయించుకొనవలెను. రోగమున్నదని తేలినవారు ప్రతిరాత్రియు దీపమువద్ద అరికాళ్లు చూచుకొనవలెను. పిల్ల పెండ్లికై రోగమును దాచు తల్లులకు మేము చెప్పునది ఒక్కటే: ఆ పెండ్లి పందిటిలో మీరు మీ కాళ్లపై నిలిచియుండుట మీ బిడ్డలకు అన్నిటికంటె ముఖ్యము.