ఆదివారం ఉదయం హైతీ మ్యాచ్



ఈసారి మేము ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. అయ్యగారికి ఏమైందని అనుకోకుండా చివరి వరకు చదవండి.

జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికో దేశాల్లో ప్రపంచ కప్ మొదలవుతుంది. ఇంతకుముందు 32 జట్లు ఆడేవి, ఈసారి 48 ఆడుతున్నాయి. నాలుగేసి జట్లతో 12 గ్రూపులు చేశారు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి. మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో మెరుగైన ఎనిమిదికి కూడా అవకాశం ఉంది.

మన యౌవనస్థులు గ్రూప్ సి గురించి అడిగారు. అందులో బ్రెజిల్, మొరాకో, స్కాట్లాండ్, హైతీ ఉన్నాయి. ఆ గ్రూపు మొదటి రెండు మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం జూన్ 14 ఆదివారం పడుతున్నాయి. ఒకటి తెల్లవారుజామున, ఒకటి ఉదయం. "ఆరాధనకు ముందు చూడొచ్చా అయ్యగారూ?" అని అడిగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు ఎందుకు జంకారో మాకు తెలుసు. ఆ సంగతి చివర్లో చెప్తాం. ముందు జట్ల సంగతి.

బ్రెజిల్ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. 1958, 1962, 1970, 1994, 2002లో ఐదుసార్లు కప్పు గెలిచారు. ప్రతి ప్రపంచ కప్‌లోనూ ఆడిన దేశం అదొక్కటే. కానీ 2002 తర్వాత ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. 2014లో సొంత దేశంలో జర్మనీ చేతిలో 7-1తో ఓడారు. ఈసారి దక్షిణ అమెరికా అర్హత పోటీల్లో ఐదో స్థానంతో గట్టెక్కారు. మధ్యలో, 2025లో, ఇటలీ దేశస్థుడు కార్లో ఆంచెలొట్టిని కోచ్‌గా తెచ్చుకున్నారు. పేరుకు తగ్గట్టు ఆడితే గ్రూపులో మొదటి స్థానం వాళ్ళదే. అయితే పేరు మైదానంలోకి దిగి ఆడదు కదా.

మొరాకోను తక్కువ అంచనా వేయకండి. 2022లో బెల్జియంను, స్పెయిన్‌ను, పోర్చుగల్‌ను దాటి సెమీఫైనల్ చేరారు. ఆఫ్రికా నుంచి అంత దూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. ఆ జట్టులో సగానికి పైగా ఆటగాళ్ళు పరదేశాల్లో పుట్టినవాళ్ళు, బతుకుతెరువు కోసం వలస వెళ్ళినవాళ్ళ బిడ్డలు. అష్రఫ్ హకీమీ పుట్టింది స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో. అయినా తల్లిదండ్రుల దేశం చొక్కానే వేసుకున్నాడు. గల్ఫ్‌కు బిడ్డల్ని పంపిన మన ఇళ్ళవాళ్ళకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

బ్రెజిల్, మొరాకో, స్కాట్లాండ్ 1998లో కూడా ఒకే గ్రూపులో ఉన్నాయి. నాలుగోది నార్వే. అప్పుడు మేము ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాం. మొదటి మ్యాచ్ బ్రెజిల్‌కీ స్కాట్లాండ్‌కీ. పక్కింటి కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి చూశాం. చివరి రోజున మొరాకో స్కాట్లాండ్‌ను 3-0తో గెలిచింది. ముందుకు వెళ్ళినట్టే అనుకున్నారు. అదే సమయంలో వేరే ఊళ్ళో నార్వేకు ఆట చివర్లో పెనాల్టీ దొరికి బ్రెజిల్ 2-1తో ఓడింది. రెండో స్థానం నార్వేకు పోయింది. మొరాకో గెలిచి కూడా ఇంటి దారి పట్టింది. చేయవలసిందంతా చేసినా ఫలితం మన చేతిలో ఉండని రోజు ఒకటి ఉంటుందని మాకు మొదట తెలిసింది ఆ కిటికీ దగ్గరే.

స్కాట్లాండ్ ఆ తర్వాత 28 ఏళ్ళకు ఇప్పుడు వస్తోంది. ఇంతకుముందు ఎనిమిదిసార్లు వచ్చి ఒక్కసారి కూడా మొదటి దశ దాటలేదు. 2025 నవంబరు 18న గ్లాస్గోలో డెన్మార్క్‌ను 4-2తో గెలిచి అర్హత సాధించారు. అందులో రెండు గోల్స్ 90 నిమిషాలు దాటిన తర్వాత వచ్చినవే. కెప్టెన్ ఆండీ రాబర్ట్‌సన్ ఆ రాత్రి తన స్నేహితుడు డియోగో జోటాను తలచుకున్నాడు. లివర్‌పూల్‌లో ఇద్దరూ కలిసి ఆడారు. జోటా ఆ జూలైలోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. ప్రపంచ కప్ గురించి ఇద్దరూ ఎన్నోసార్లు మాట్లాడుకున్నారట.

ఇక హైతీ. అందరూ చివరి స్థానం రాసిపెట్టిన జట్టు. 1974 తర్వాత ఇదే రావడం. అప్పుడు మూడు మ్యాచ్‌లూ ఓడారు. కానీ ఇమాన్యుయేల్ సానన్ అనే యువకుడు ఇటలీ మీద గోల్ కొట్టాడు. ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ అప్పటికి 1,142 నిమిషాలుగా అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

ఈసారి వాళ్ళు అర్హత సాధించిన తీరు చూడండి. రాజధాని పోర్ట్ ఔ ప్రిన్స్‌ను సాయుధ ముఠాలు పట్టుకున్నాయి. సొంత గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయారు. చివరి దశలో వాళ్ళ 'ఇంటి' మైదానం సముద్రం అవతల, దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని కురసావ్ ద్వీపం. అర్హత సాధించే నాటికి వాళ్ళ ఫ్రెంచి కోచ్ హైతీలో అడుగే పెట్టలేదు. అయినా స్కాట్లాండ్ గెలిచిన నవంబరు 18నే వాళ్ళూ నికరాగ్వాను 2-0తో గెలిచారు. 1803లో బానిసత్వం నుంచి లేచిన వాళ్ళ పితరులు ఫ్రెంచి సైన్యాన్ని చివరి యుద్ధంలో ఓడించింది కూడా నవంబరు 18నే.

మా అంచనా చెప్తాం. మొదటి రెండు స్థానాలు బ్రెజిల్, మొరాకోలవి. మూడో స్థానం ఆదివారం ఉదయం హైతీ, స్కాట్లాండ్ ఆటలోనే దాదాపుగా తేలుతుంది. మూడో జట్లను పోల్చేటప్పుడు గోల్స్ తేడా కూడా చూస్తారు. అందుకని పెద్ద జట్టు చేతిలో ఒక గోల్‌తో ఓడటం, నాలుగు గోల్స్‌తో ఓడటం ఒకటి కాదు. ఓడిపోతున్నా చివరి నిమిషం వరకు నిలబడినవాడికి లెక్కలో చోటు ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. 2022 ఫైనల్ డిసెంబరు 18, ఆదివారం రాత్రి జరిగింది. ఆ రాత్రే మన క్రిస్మస్ క్యారల్స్. నలుగురు పిల్లలు రాలేదు. క్రిస్మస్ ఉదయం సంఘమంతటి ముందు వాళ్ళను నిలబెట్టి, "ప్రభువు పుట్టుక కంటే మెస్సీ ఎక్కువయ్యాడా మీకు?" అన్నాం. కొందరు నవ్వారు. ముగ్గురు తల వంచుకున్నారు. నాలుగో అతను బయటికి వెళ్ళిపోయాడు. ఐదేళ్ళు క్యారల్స్‌లో డోలక్ మోసిన పిల్లవాడు. మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ మాత్రం ప్రతి వారం వచ్చి వెనక వరుసలో కూర్చుంటుంది.

అతని కోసం ప్రార్థన చేస్తున్నామని చెప్పుకుంటూ వచ్చాం. మొన్న అమ్మగారు అడిగారు: "ప్రార్థన సరే, మీరు వెళ్ళారా?" రెండు వీధుల అవతల ఇల్లు. మూడున్నరేళ్ళుగా వెళ్ళలేదు. యెష్షయి ఇంట్లో సమూయేలు కూడా మొదట పెద్ద కొడుకు పొడవు చూసి పొరబడ్డాడు. మేమైతే ఐదేళ్ళు మోసిన డోలక్‌ను పక్కనబెట్టి, రాని ఒక్క రాత్రితో అతన్ని తూచాం.

గత బుధవారం వెళ్ళాం. గేదెకు కుడితి పెడుతున్నాడు. ఏం మాట్లాడాలో తోచక, "హైతీ గెలుస్తుందా బాబూ?" అన్నాం.

కాసేపు చూసి, "కష్టం అయ్యగారూ. సొంత ఊళ్ళో ఒక్క ఆట కూడా ఆడనీయకపోయినా వచ్చారు, అదే గొప్ప" అన్నాడు.

అతను మామూలుగానే అన్నాడు. మాకు మాత్రం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "ఆ రోజు అందరి ముందూ అలా అనడం మా తప్పు. అందరి ముందే ఒప్పుకుంటాం" అన్నాం. దానికి జవాబు చెప్పలేదు. చేతులు కడుక్కొని, "టీ తాగుతారా?" అన్నాడు. తాగి వచ్చాం.

ఈ మాటలు ఇక్కడ రాయడం ఆ ఒప్పుకోలులో భాగమే. ఆదివారం మందిరంలో కూడా చెప్తాం.

జూన్ 14 ఉదయం ఆరున్నరకు మా ఇంటి హాల్లో టీవీ పెడతాం. అమ్మగారు ఉప్మా చేస్తారు. పందెం మాట ఎవరెత్తినా టీవీ ఆపేస్తాం. ఎనిమిదిన్నరకు ఆట అయిపోతుంది, పది గంటలకు ఆరాధన. అతను వస్తాడో రాడో తెలియదు. రాకపోతే సాయంత్రం మేమే వెళ్ళి స్కోరు మాట్లాడి వస్తాం.

హైతీ ప్రజల కొరకు ప్రార్థించండి. మమ్మల్ని కూడా జ్ఞాపకం చేసుకోండి.