రాయి చెప్పించిన మాట

కోనసీమ కోడలు నీళ్ళు తాగక జబ్బు తెచ్చుకుందంటే నవ్వుతారు. ఇటు గౌతమి, అటు వశిష్ట, పెరట్లో కొబ్బరిబొండాలు! అయినా నా మూత్రపిండంలో ఆరు మిల్లీమీటర్ల రాయి పుట్టింది.

రాయి మర్యాదైన జబ్బు సుమండీ. నేను నడుం పట్టుకుని మెలికలు తిరిగానని తెలియగానే వీధి వీధంతా పరామర్శకొచ్చింది. ఒకావిడ అరటిదవ్వ రసం తెచ్చింది, ఇంకొకావిడ ఉలవకట్టు. అందరికీ నా రాయి కథ సంతోషంగా చెప్పాను. చెప్పనిదల్లా బీరువాలో చీరల మడతల మధ్య దాచిన మాత్రల సంగతే.

నాకు మూర్ఛ ఉంది. ఇరవయ్యో ఏట మొదలైంది. "ఎవరితోనూ అనకే" అంది అమ్మ. మావారికి తెలుసు, అత్తగారికి తెలియదు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల నుంచి మూర్ఛను 1999లో తీసేశారు. మా అరుగుల మీద నుంచి మాత్రం ఎవరూ తీయలేదు.

అమలాపురంలో డాక్టరుగారు స్కానింగు చూసి, "రోజూ మందులేమైనా వాడుతున్నారా?" అనడిగారు. పక్కనే అత్తగారు. "లేదండీ" అన్నాను. మళ్ళీ నొప్పి వచ్చినప్పుడూ అదే ప్రశ్న, పక్కన అదే అత్తగారు. నొప్పికి సిగ్గెక్కడిది? "టోపిరమేటండీ, మూర్ఛకి" అనేశాను.

"అదమ్మా అసలు సంగతి!" అన్నారాయన. ఆ మందు 1979లో మధుమేహానికి మందు వెతుకుతున్న అమెరికా శాస్త్రజ్ఞుల చేతికి చిక్కిందట, చివరికి మూర్ఛకు పనికొచ్చింది. అయితే రాయిని పేరుకోనివ్వని సిట్రేటును మూత్రంలో తగ్గించేస్తుంది, క్షారగుణం పెంచుతుంది. దాంతో కొందరికి కాల్షియం ఫాస్ఫేటు రాళ్ళు కడతాయి. "అలాగని మీ అంతట మీరు మానేయకండి, ఫిట్లు తిరగబెడతాయి. మార్చాలో వద్దో మీ మూర్ఛ డాక్టరుగారు చెబుతారు. మీరు మాత్రం నీళ్ళు బాగా తాగండి" అన్నారు.

నేను తాగనిది ఆ నీళ్ళే. పెళ్ళికెళ్ళినా బస్సెక్కినా, మళ్ళీ ఎక్కడికెళ్ళాల్సి వస్తుందోనని ఆడవాళ్ళం గొంతు ఎండగట్టుకునే కదా కూర్చుంటాం!

రాజోలు దాకా బస్సులో అత్తగారు పెదవి విప్పలేదు. ఆ రాత్రి నిమ్మకాయ పిండిన చెంబెడు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు.

"మా చెల్లికీ ఉండేదమ్మాయ్. దాని చేతిలో పెట్టడానికని తాళాలగుత్తి నా కొంగునే కట్టుకుని తిరిగేదాన్ని."

"తాళాలతో తగ్గదటండీ, అత్తయ్యగారూ. పక్కకి తిప్పి పడుకోబెడితే చాలట."

"అలాగా," అని కాసేపు ఊరుకున్నారు. "మాత్ర వేసుకున్నావా? ఆ చీరల మధ్యెందుకూ, గోడ అలమారలో పెట్టుకో. చేతికందుతుంది."