పగిలిన గాజుల రాజ్యం

చండీగఢ్ నగరంలో దారి తప్పడం కష్టం. వీధులన్నీ సూటిగా సాగుతాయి. పేటలకు పేర్ల బదులు అంకెలే ఉంటాయి. స్విట్జర్లండులో జన్మించిన వాస్తుశిల్పి లె కార్బూజియే గీచిన పటం ప్రకారం వెలసిన నగరమిది. అయితే దాని ఉత్తరపుటంచున, హైకోర్టు భవనానికి సమీపంలో, సుఖ్నా సరస్సుకు చేరువగా, ఆ పటంలో లేని రాజ్యం మరొకటి ఉన్నది. దాని పేరు రాక్ గార్డెన్.

దీనిని సృష్టించిన నేక్‌చంద్ సైనీ శిల్పవిద్య అభ్యసించినవారు కారు. నేడు పాకిస్తానులో ఉన్న షకర్‌గఢ్ ప్రాంతపు పల్లెలో 1924లో జన్మించారు. 1947 నాటి దేశవిభజన ఆయన కుటుంబాన్ని పుట్టినగడ్డ నుండి పెకలించి ఇవతలికి విసిరివేసింది. కొన్నేళ్ళకు చండీగఢ్‌లో ప్రభుత్వ రోడ్డు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది.

కొత్త నగరం కోసం ఇరవైకి పైగా పల్లెలను తొలగించారు. ఇళ్ళు కూలినచోట కుండపెంకులు, పింగాణీ ముక్కలు, పగిలిన గాజులు మిగిలాయి. అందరికీ అది చెత్త. సొంత ఊరినే పోగొట్టుకున్న మనిషికి మాత్రం అందులో ఎవరివో బతుకుల ఆనవాళ్ళు కనిపించి ఉండాలి. నేక్‌చంద్ పని ముగిసిన తరువాత సైకిలెక్కి వెళ్ళి వాటిని ఏరుకువచ్చేవారు. శివాలిక్ కొండల దిగువన పారే వాగుల నుండి పక్షులనో, మృగాలనో, మనుషులనో తలపించే రాళ్ళను మోసుకువచ్చేవారు. 1958 ప్రాంతం నుండి, కట్టడాలు నిషిద్ధమైన అటవీభూమిలో, పొదల చాటున ఒక గుడిసె వేసి, ఈ సంపదనంతా దాచసాగారు.

కొన్నేళ్ళు కూడబెట్టిన తరువాతనే కూర్పు మొదలైనది. పాత సైకిలు చట్రమో, ఇనుప గొట్టమో విగ్రహానికి ఎముక. సిమెంటు దాని కండ. గాజుముక్కలు, పింగాణీ పెంకులు దాని చర్మం. సైకిలు సీటు జంతువుకు తల అయింది. ముందుచక్రం ఫోర్కు కాళ్ళయింది. తారు పీపాలు, కొలిమి చిట్టెం, పాత విద్యుత్ ప్లగ్గులు గోడలలో ఒదిగాయి. పగిలిన గాజు ఒక్కటిగా పడి ఉంటే కాలికి గుచ్చుకుంటుంది. వేలకొలదిగా, రంగుకు రంగు జతపరచి పేర్చితే, ఒక స్త్రీమూర్తికి పట్టుచీర అవుతుంది. ఈ కళారహస్యమంతా ఆ పేర్పులోనే ఉన్నది.

నేడు తోటలో ప్రవేశించే యాత్రికుడు ముందుగా గమనించేది ద్వారాలు. అవి ఎంత పొట్టివంటే తల వంచనిదే లోనికి పోలేము. దేవతల రాజ్యంలోకి వినయంతో అడుగుపెట్టాలన్నది నేక్‌చంద్ భావన. మలుపు తరువాత మలుపు; ఒక ఇరుకుదారి ముగిసేసరికి జలపాతం. మరొక గట్టుపై వరుసలు తీరిన స్త్రీలు, పురుషులు, కోతులు, నెమళ్ళు. అన్నీ ఒకే అచ్చున పోసినట్లు తోచినా, దగ్గరకు వెళితే ఏ రెండు ముఖాలూ ఒకటి కావు.

సుమారు పదిహేనేళ్ళకు పైగా గుట్టుగా సాగిన ఈ పని 1970వ దశకంలో అధికారుల కంటబడినది. చట్టం ప్రకారం అది అక్రమ నిర్మాణం, కూల్చివేయవలసినదే. కాని చూసిన ప్రజలు దానిని తమదిగా భావించారు. ప్రభుత్వం 1976లో తోటను ప్రజలకు తెరిచి, నేక్‌చంద్‌కు అక్కడనే జీతమిచ్చి, యాభైమంది పనివారిని అప్పగించింది. నగరంలోని పాతగుడ్డలు, పగిలిన పింగాణీ సేకరించేందుకు కేంద్రాలు ఏర్పడ్డాయి. తోటి గృహిణి పారవేసిన కప్పు ఏ నెమలి మెడలో ఉన్నదో ఎవరు చెప్పగలరు? 1984లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

గౌరవం దక్కినా భయం తీరలేదు. 1990 ప్రాంతంలో తోట గుండా రోడ్డు వేసేందుకు బుల్‌డోజర్లు వచ్చినపుడు, పౌరులు చేయి చేయి పట్టి అడ్డునిలిచారు. కోర్టు కూడా తోట పక్షమే వహించినది. 1996లో ఆయన విదేశంలో ఉండగా దుండగులు కొన్ని విగ్రహాలను ధ్వంసం చేశారు. 2015లో నేక్‌చంద్ కన్నుమూశారు. 2025లో, హైకోర్టు పరిసరాల రద్దీ తగ్గించేందుకు రోడ్డు వెడల్పు చేస్తూ, తోట గోడలో కొంత భాగాన్ని కూల్చారు. నగరవాసులు నిరసించారు.

పల్లెలను కూల్చి కట్టిన నగరానికి, ఆ పల్లెల పెంకులతోనే ఒక జ్ఞాపకాన్ని నిర్మించి ఇచ్చారు నేక్‌చంద్. కూలిన ప్రతి ముక్కనూ వంగి ఏరుకున్న ఆ చేతులు ఇపుడు లేవు. ఇకమీదట ఏరుకోవలసినదీ, కాపాడుకోవలసినదీ నగరమే.