టప్పెన్సు అయిదవ కథ



మంచి కథ యొకటి ముగిసినంతనే "తరువాత నేమైనది?" అని యడుగుట చదువరులకు సహజగుణము. అపరాధ పరిశోధక నవలలు చదువువారికి ఈ గుణము మరికొంత హెచ్చు. ఒక పరిశోధకుడు మనసునకు నచ్చినచో, అతని కథలన్నియు చదివినగాని నిద్రపట్టదు. అట్టి వరుసలో కడపట వచ్చిన పుస్తకము చప్పగా నుండినచో చదువరులకు కలుగు కోపమెట్టిది, ఆ కోపము ఎవరిపై చూపదగినది అను విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మా వీథిలో ఆరుగురము స్త్రీలము కలము. వంటపనులు తీరి, పిల్లలు బడికి పోయిన పిమ్మట, వారమునకు రెండు దినములు ఒకరి యింట చేరి పుస్తకము చదువుకొనుట మాకు అలవాటు. ఆంగ్లము బాగుగా వచ్చినవారు చదివి తెలుగున చెప్పుచుందురు. తక్కినవారము చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచునో, పువ్వులు మాలకట్టుచునో వినుచుందుము. ఇటీవల అగాథా క్రిస్టీ వ్రాసిన టామీ, టప్పెన్సుల పుస్తకములు అయిదును వరుసగా ముగించితిమి.

అగాథా క్రిస్టీ 1890లో ఇంగ్లండునందలి టార్కీ పట్టణమున జన్మించి 1976లో మరణించెను. హెర్క్యూల్ పాయిరో, మిస్ మార్పుల్ అను పరిశోధకులను సృష్టించినది ఈమెయే. వారితో పోల్చిచూడగా టామీ, టప్పెన్సులకు ప్రఖ్యాతి తక్కువ. అయినను మావంటి గృహిణులకు వీరే దగ్గరివారు. పాయిరో ఒంటివాడు, మార్పుల్ పెండ్లి లేని వృద్ధురాలు. వీరో, ఆలుమగలు, పిల్లలు గలవారు, ఇంటిఖర్చు చూచుకొనువారు. మరియొక విశేషము. పాయిరో మొదటి కథనాటికే పెద్దవాడైనను ఏబదియేండ్లపాటు అట్లే తిరిగెను. టామీ, టప్పెన్సులు మాత్రము తమ్ము వ్రాసిన చేతితో పాటు ముసలివారైరి.

1922లో వెలువడిన "ద సీక్రెట్ అడ్వర్సరీ"లో వారిద్దరి వయస్సులును కలిపినను 45 నిండవు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసినది, ఉద్యోగము లేదు, చేతిలో సొమ్ము లేదు, సాహసమే వృత్తిగా పెట్టుకొందమనుకొందురు. 1929లో వచ్చిన "పార్ట్‌నర్స్ ఇన్ క్రైమ్"లో దంపతులై యొక డిటెక్టివ్ ఆఫీసు నడుపుదురు. 1941 నాటి "ఎన్ ఆర్ ఎమ్?"లో రెండవ యుద్ధము వచ్చినది, పిల్లలు ఎదిగినారు. ప్రభుత్వమువారు శత్రువుల గూఢచారులను పట్టుకొనుటకై టామీని పంపుచు, భార్యకు చెప్పవలదందురు. టప్పెన్సు చాటునుండి అంతయు విని, మగనికంటె ముందే మారుపేరుతో ఆ వసతిగృహము చేరి, ఉన్ని అల్లుకొనుచు కూర్చుండును. టామీ లోపలికి వచ్చి భార్యను చూచి నిర్ఘాంతపడిన ఘట్టమున మాలో నవ్వనివారు లేరు. "ఇంటియామెకు తెలియకుండ ఇల్లు దాటిన రహస్యమున్నదా?" అని మా పెద్ద పిన్నిగారు పకపక నవ్విరి.

ఆ తరువాత 27 యేండ్లు వారి కథ లేదు. చదువరులు ఊరకుండలేదు. టామీ, టప్పెన్సులు ఏమైరి, ఇప్పుడేమి చేయుచున్నారు అని స్వదేశమునుండియు పరదేశములనుండియు రచయిత్రికి ఉత్తరములు వ్రాసిరి. 1968లో ప్రకటించిన "బై ద ప్రికింగ్ ఆఫ్ మై థంబ్స్" అను నాలుగవ కథను ఆమె ఆ యుత్తరములు వ్రాసినవారికే అంకితమిచ్చెను. వృద్ధాశ్రమమున పాలగ్లాసు చేతబట్టుకొన్న యొక ముసలమ్మ, పొయ్యిగూటివైపు చూచుచు, టప్పెన్సును ఒక చిన్న ప్రశ్న వేయును. ఆ ప్రశ్న విన్ననాటి రాత్రి మాలో ఇద్దరు దీపము ఆర్పకయే పరుండిరి.

కనుక 1973లో వెలువడిన అయిదవ పుస్తకము "పోస్టర్న్ ఆఫ్ ఫేట్"ను మేము ఎంత యాశతో తెరచితిమో వేరుగ చెప్పనక్కరలేదు. మొదలు చక్కగనే యున్నది. ముసలి దంపతులు ఒక పాతయిల్లు కొందురు. పూర్వపు యజమానులు వదలిపోయిన పిల్లల పుస్తకములను టప్పెన్సు బీరువాలో సర్దుచుండగా, ఒకదానిలో కొన్ని యక్షరముల క్రింద గీతలు కనబడును. ఆ యక్షరములు కూర్చి చదువగా, మేరీ జోర్డన్ అను నామె మరణము సహజమైనది కాదనియు, హంతకులు ఆ యింటిలోనివారేననియు తేలును. పుస్తకములు సర్దుచున్న ఇల్లాలి చేతికి హత్యవార్త చిక్కుట! ఇంతకంటె మంచి ప్రారంభము ఏ నవలకు కావలెను?

కాని ఆ మీదట కథ కదలదు. ఒకరు వచ్చి పాతసంగతులు చెప్పుదురు. మరొకరు వచ్చి అవియే చెప్పుదురు. టామీ విన్నది టప్పెన్సుతో చెప్పును. ఆమె విన్నది అతనితో చెప్పును. మనము రెండుమారులు వినవలెను. నడుమ తోటమాలి హత్యకు గురియగును. అప్పటికైనను వేగము పుంజుకొనదు. కడకు చిక్కుముడి విడినదా యనగా, విడినదని వారనుకొందురు, మనకు తెలియదు.

మా ఆరుగురిలో మూడు మతములు పుట్టినవి. మా ఎదురింటి కోడలుపిల్ల లెక్కలలో గట్టిది. ఆమె ఒక కాగితముపై పొసగని సంగతులన్నియు వరుసగా వ్రాసి తెచ్చి, "అక్కయ్యగారూ, వెల పూర్తిగా పుచ్చుకొని సరకు సగమిచ్చుట న్యాయమా?" అని యడిగెను. కళాశాలలో చదువుచున్న చిన్నది కంటతడి పెట్టెను. ఆమె దుఃఖము కథను గూర్చి కాదు. "చాటునుండి విని మగనికంటె ముందు పోయిన మనిషి, ఇట్లు చెప్పినదే చెప్పుచు తోటలో తిరుగుటయా?" అని ఆమె బాధ. మా పెద్ద పిన్నిగారు మాత్రము, "నాకు డెబ్బది యెనిమిది. నేనును చెప్పినదే చెప్పుచున్నానని మీరు చాటున అనుకొనుచుందురు. ఈ పుస్తకము నాకు బాగుగనే తెలిసినది" అనిరి. ఆ మాటకు కొంతసేపు ఎవరమును మారు పలుకలేదు.

మా కోడలుపిల్ల కోపము కొత్తది కాదు. ఆ నవల వెలువడినప్పుడు రచయిత్రి పేరుమీద బాగుగనే అమ్ముడుపోయినను, చదివినవారు పెదవి విరిచిరి. క్రిస్టీ రచనలపై 1980లో గ్రంథము ప్రకటించిన రాబర్ట్ బార్నార్డ్ అను విమర్శకుడు, దీనిని మరచిపోవుటే మేలని ఒక్కమాటతో తీసివేసెను. ఇప్పటికిని ఆమె రచనలలో కడపటి వరుసన దీనిని కూర్చుండబెట్టువారే యెక్కువ.

పిన్నిగారి మాటకును సాక్ష్యము లేకపోలేదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున ఇయన్ లాంకషైర్, గ్రేమ్ హర్స్ట్ అను పండితులు క్రిస్టీ నవలలలోని మాటలను యంత్రసహాయమున లెక్కించి, ఫలితములను 2009లో వెల్లడించిరి. 63వ యేట వ్రాసిన నవలతో పోల్చగా, 81వ యేట వ్రాసిన "ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్" అను నవలలో వేర్వేరు మాటల సంఖ్య నూటికి సుమారు 30 వంతులు తగ్గినదట. చెప్పినదే చెప్పుట, వస్తువు పేరు చెప్పక "అదేదో" "ఏదో" అని సరిపెట్టుట హెచ్చినవట. మతిమరపు వ్యాధి ఆమెను సోకియుండవచ్చునని వారి యూహ. ఆమె జీవించియుండగా ఏ వైద్యుడును అట్లు నిర్ణయించినట్లు లేదు గనుక దీనిని ఊహగనే పుచ్చుకొనవలెను. "పోస్టర్న్ ఆఫ్ ఫేట్" ఆ యేనుగుల నవలకు మరుసటి యేడు వచ్చినది. ఆమె వ్రాసిన కడపటి నవల యిదియే.

ఈ సంగతి చదివి వినిపింపగా మాలో కొందరు, "అయ్యో, ఇక నేమియు అనరాదు" అనిరి. మేమట్లు తలపము. చప్పని పుస్తకమును చప్పనిదని చెప్పుట చదువరి ధర్మము. జాలిచేత చప్పనిదానిని కమ్మగా నున్నదన్నచో, కమ్మనిదానిని మెచ్చిన మన పూర్వపు మెప్పునకును విలువ పోవును. "ఎన్ ఆర్ ఎమ్?" చదివి నవ్విన నవ్వు నిజమైనచో, ఈ విసుగును నిజమే. అయితే పుస్తకమును తప్పుపట్టుట వేరు, మనిషిని తప్పుపట్టుట వేరు. 82 యేండ్ల వయస్సున కలము పట్టి, తెలిసినంతవరకు పని పూర్తిచేసిన స్త్రీని మోసగత్తెయని యెట్లందుము?

మరి తప్పెవరిది? ఏటేట క్రిస్మస్ పండుగకు ఒక క్రిస్టీ నవల యనునది ఆ దినములలో ప్రచురణకర్తల ప్రకటనవాక్యము. పండుగకు పిండివంట తప్పరాదన్నట్లు పుస్తకమును తప్పరాదు. వ్రాతప్రతిని చదివి, ఈ తేదీ కుదరలేదు, ఈ సంభాషణ రెండుమారులు వచ్చినదని ఓపికతో చెప్పవలసినవారు, ఉన్నదానిని ఉన్నట్లే అచ్చొత్తించిరని అచ్చుపుస్తకమే చెప్పుచున్నది. ఇక "తరువాత నేమైనది?" అని ఉత్తరములు వ్రాసిన చదువరులకును ఇందులో కొంత పాలు కలదు. ఆ యుత్తరములే నాలుగవ కథను తెప్పించినవి, అది మంచిదయ్యెను. అయిదవదానికి ఆ యదృష్టము లేకపోయెను. అడుగుట తప్పు కాదు. అడిగినవారికి ప్రతిమారు మొదటి రుచియే దొరకునను నమ్మకము లేదు.

పాయిరో విషయమున ఆమె ఎంత ముందుచూపు చూపెనో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. అతని కడపటి కథయగు "కర్టెన్"ను రెండవ యుద్ధకాలముననే, చేయి బలముగా నున్నప్పుడే వ్రాసి భద్రపరచెను. అది 1975లో వెలువడగా, న్యూయార్క్ టైమ్స్ పత్రిక పాయిరో మరణవార్తను బ్రతికిన మనిషికి వేసినట్లు మొదటి పుటలో వేసినది. చదువరులకు అట్టి తృప్తి కలిగినది. టామీ, టప్పెన్సులకు ముందుగా ముగింపు వ్రాసిపెట్టుట ఎట్లు? వారు ఆమెతో పాటు ఎదిగినవారు. వారి ముసలితనమును ఆమె తన ముసలితనముననే వ్రాసెను.

ఇంకొక సంగతి కలదు. ఆ నవలలో పాతయింటి గాజుగది యొకటి వచ్చును. దాని పేరు కేకే. అందు మథిల్డ్ అను ఊగెడు కొయ్యగుఱ్ఱము, ట్రూలవ్ అను ఆటబండి యుండును. ఇవి కథకు అంతగా అవసరమా యని 1973లో చదువరులు విసిగియుందురు. 1977లో, ఆమె మరణానంతరము, ఆమె స్వీయచరిత్ర వెలువడినది. ఆ గాజుగదియు, ఆ గుఱ్ఱమును, ఆ బండియు, టార్కీలో ఆమె పుట్టిపెరిగిన ఆష్‌ఫీల్డ్ అను ఇంటివేనని, ఆ పేర్లతోనే ఉండెడివని అందున్నది. ఆ యిల్లు నవల వ్రాయుటకు ముందే అమ్ముడై, పడగొట్టబడినది. హంతకుని జాడ తప్పిపోయిన చోట్ల కూడ ఆ కొయ్యగుఱ్ఱము కంటికి కట్టినట్లున్నది.

ఈ సంగతి వినిన పిమ్మట మా కోడలుపిల్ల తన కాగితమును చింపివేయలేదు, చింపనక్కరయు లేదు. అందలి లెక్కలన్నియు సరియైనవే. పుస్తకముతోపాటే మడిచిపెట్టెను. చిన్నది మాత్రము పిన్నిగారిని, "మీ పుట్టింటిలో ఏ బొమ్మలుండెడివి?" అని అడిగెను. వారు చెప్పనారంభించిరి. అందు కొన్ని మాకు మునుపే తెలిసినవి.

ఈ కథలు చదువదలచిన సోదరీమణులకు మేము చెప్పునది ఇంతే. మొదటి నాలుగును వరుసగా చదువుడు; అయిదవదానితో మాత్రము మొదలిడకుడు. అయిదవది చదివినచో, చిక్కు విడదీయు నవలగా గాక, ఒక వృద్ధురాలు తన యింటి గదులలో తిరుగుచు చెప్పిన మాటలుగా చదువుడు. నచ్చనిది నచ్చలేదని నిర్భయముగా చెప్పుడు. ఇప్పుడు వ్రాయుచున్నవారిలో మీకు ప్రియమైన రచయిత్రి యెవరైన నుండినచో, తరువాతి కథ యెప్పుడని యడుగుటకు ముందు, చదివిన కథలో ఏది బాగున్నదో ఆమెకొక కార్డుముక్క వ్రాయుడు.