పప్పుగిన్నె యడుగు

జీవుల దేహములను నిర్మించు పెద్ద యణువులు ముఖ్యముగా నాలుగు తెగలు: పిండిపదార్థములు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లములు. చీమకును, చింతచెట్టునకును, మనకును నివియే. కడపటివి వంశక్రమపు వ్రాతను భద్రపఱచునవి. వానిని గూర్చి యిప్పుడు ముచ్చటింపము. తిన్న పిండిలో మిగులును దేహము కొంత కాలేయమునందు గ్లైకోజెనుగను, కొంత కొవ్వుగను దాచుకొనును. మాంసకృత్తులకు మాత్ర మట్టి గాదె లేదు. లోటు గలిగినచో దేహము తన కండలనే కరగించి వాడుకొనును. ఈ భేదమును గృహిణులకంటె ముందు గృహస్థులు తెలిసికొనవలయును.

మాంసకృత్తనునది యిరువది తెగల అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. నెత్తుటికి రంగునిచ్చు హీమోగ్లోబినునందు నాలుగు దండలు, మొత్తము 574 పూసలు. ఆ యిరువదిలో తొమ్మిది తెగలను మన దేహము తయారుచేసికొనజాలదు. అవి యాహారముతోడనే రావలెను. వరిబియ్యమునందు లైసీను తక్కువ. కందిపప్పునం దది సమృద్ధి. పప్పునందు కొఱతపడు మిథియోనీనును బియ్యము పూరించును. రసాయనశాస్త్రము పుట్టకమునుపే పప్పును అన్నమును కూర్చిన మన పూర్వగృహిణులు మెచ్చదగినవారు. 1838లో మల్డరను డచ్చి రసాయనవేత్త వీనిని 'ప్రోటీను' అను పేర ప్రకటించెను. గ్రీకుభాషలో ప్రథమస్థానము గలదని దాని భావము. ఆ ప్రథమమైనదే మన యిండ్లలో కడపంక్తికి చేరదు.

మా పెత్తల్లి భోజనమును మేమెఱుగుదుము. పురుషులును, పిల్లలును, అతిథులును లేచిన పిదప నామె విస్తరి వేసికొనెడిది. అన్నమునకు లోటు లేదు. పప్పుగిన్నె యడుగు మాత్ర మూడ్చిపెట్టబడి యుండెడిది. ఆవకాయతో కొంత, నీళ్లమజ్జిగతో కొంత తిని లేచెడిది. ఆఱుగురు బిడ్డలను కని పాలు కుడిపిన దేహమది! కడుపు నిండినదిగదా యని యందఱును తృప్తిపడిరి. నలువదియేండ్లకే సొలసిపోయిన యామెను జూచి, ఆడుదాని యొడలింతే యనిరి. మేమా మాట నొప్పము.

గర్భిణికిని, పాలిచ్చు తల్లికిని మాంసకృత్తు లధికముగ కావలెనని, 1918లో కూనూరున మొలచి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. కడపట భుజించుట యిల్లాలి ధర్మమని పెద్దలు కొందఱందురు. కానిండు, ధర్మమునకు లైసీను కొఱత తీర్చు శక్తి లేదు.

మా కోడలు కాపురమునకు వచ్చిన దినముననే అందఱకు నొక్క పంక్తి వేయించి, పప్పుగిన్నెను నడుమ పెట్టించితిమి. బంధువులలో వృద్ధు డొకడు విస్తరి ముట్టకయే లేచిపోయెను. ఆయన పాలిటి పప్పు మిగులగా దానిని మా కోడలికి వడ్డించితిమి.