సెల్ఫ్

పోయిన రెండు భాగాలూ సిలబస్ మీద రాశాను. ఈసారి కారు సెల్ఫ్ మోటార్ గురించి. నవ్వాలనుకున్నవాళ్ళు ముందే నవ్వేసి తర్వాత చదవండి.

నాది 2005 మోడల్ మారుతి 800. నా దగ్గరికి వచ్చేసరికే మూడు చేతులు మారింది. ఆ కారు 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు. మొదటి పదేళ్ళూ అది డాక్టర్ల ఇళ్ళ ముందు, కాంట్రాక్టర్ల ఇళ్ళ ముందు ఉండేది. వాళ్ళు పెద్ద కార్లు కొనుక్కున్నాక సెకండ్ హ్యాండ్‌లో మన పేటలకు చేరింది. మా పల్లెలో దాన్ని ఎవరూ నా కారు అనరు, ‘మన కారు’ అంటారు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన పిల్లని అందులోనే తీసుకెళ్తాం. వాయిదా ఉన్న రోజు సాక్షులు అందులోనే కోర్టుకొస్తారు. ఎక్కడన్నా మనవాళ్ళ మీద దాడి జరిగిందంటే నిజనిర్ధారణకి బయల్దేరేదీ అదే. కాబట్టి దాని సెల్ఫ్ పోవడం నా ఇంటి వ్యవహారం ఒక్కటే కాదు.

ముందు ఈ మాట సంగతి. ఇంజిన్ దానంతటది కదలదు. ఎవరో ఒకరు మొదట తిప్పాలి. పాతకాలంలో బండి ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పేవాళ్ళు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టారు. తనంతట తనే స్టార్ట్ చేసుకుంటుంది గనక సెల్ఫ్ స్టార్టర్ అన్నారు. మన షెడ్లలో స్టార్టర్ అన్న తోక ఊడిపోయి సెల్ఫ్ ఒక్కటే మిగిలింది. ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు’, ‘సెల్ఫ్ వీకైంది’, ‘సెల్ఫ్ పోయింది’. మా కాలేజీ పిల్లలు దీని మీద ఎన్ని జోకులు వేస్తారో నాకు తెలుసు, అవన్నీ వాళ్ళకే వదిలేస్తున్నాను.

మా బాబాయ్ చిన్నప్పుడు లారీ క్లీనర్. అప్పటికీ ఆ లారీలకి సెల్ఫ్ సరిగ్గా పనిచేసేది కాదట, తెల్లారుజామున హ్యాండిల్ తిప్పడం క్లీనర్ పని. ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తంతుంది. ఆ దెబ్బకి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు సరిగా పడక ఇప్పటికీ కొంచెం వంకరగానే ఉంటుంది. డ్రైవర్ సీట్లో ఎవరు కూర్చునేవాళ్ళు, హ్యాండిల్ దగ్గర ఎవరు నిలబడేవాళ్ళు అని అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటాడు. ‘అదంతా ఇప్పుడెందుకమ్మా’ అంటాడు. రాతలో పెట్టాల్సింది అదే బాబాయ్, అంటాన్నేను.

పోయిన ఎండాకాలం ఒక ఊరికి వెళ్ళాం. పేరు రాయను, కేసు నడుస్తోంది. పల్లెవాళ్ళని ఊరు వెలేసింది. పాలు పొయ్యరు, కూలికి పిలవరు, కిరాణా కొట్టులో సరుకివ్వరు. పల్లెవాళ్ళతో మాట్లాడినవాళ్ళకి జరిమానా. ఇది నేరమని 2015 సవరణ చట్టంలో స్పష్టంగా ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌సి), 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సాంఘిక బహిష్కరణ చెయ్యడమే కాదు, చేస్తామని బెదిరించడం కూడా నేరమే. విద్యార్థి మిత్రులు ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి, స్టేషన్లో పనికొస్తుంది.

మేం నలుగురం. నేను, లా చదివే ఇద్దరు పిల్లలు, ఫోటోలు తీసే ఒక తమ్ముడు. పల్లెలో వాంగ్మూలాలు రాసుకున్నాక ఊళ్ళో వాళ్ళ మాట కూడా వినాలి గదా అని రచ్చబండ దగ్గర ఆపాం. ఎవరూ నోరు విప్పలేదు. తిరిగొచ్చి తాళం తిప్పితే ‘టక్’. ఇంకోసారి తిప్పితే మళ్ళీ ‘టక్’. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజిన్ మాత్రం తిరగదు.

మన ఊళ్ళలో ఆగిపోయిన బండిని తొయ్యడానికి ఎవరినీ పిలవక్కర్లేదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు వాళ్ళే లేచొస్తారు. చుట్ట నోట్లో ఉండగానే ఒక చెయ్యి వేస్తారు. ఏ కులం, ఏ ఊరు అని అడగరు. అదొక అలవాటు, దాదాపు మర్యాద. ఆరోజు ఆ అరుగు మీద పదిహేను మందికి తక్కువ లేరు. ఒక్కరు లేవలేదు. నవ్వనైనా నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం లేవబోయి, పక్కనున్న కుర్రాడి మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. జరిమానా ఎంతో మా నోట్‌బుక్కులో ఉంది.

నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను, ముగ్గురు పిల్లలూ తోశారు. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని, బండి కాస్త వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. బ్యాటరీ బాగుండి సెల్ఫ్ ఒక్కటే పోతే, గేర్ల బండి ఏదైనా ఇలా అందుకుంటుంది. రెండుసార్లు అందుకోలేదు. పల్లె చివరనుంచి ఇది చూసి ఆరేడుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వద్దని చెయ్యి ఊపాను. మాకు సాయపడ్డారని రేపు వాళ్ళ మీద ఏం కేసు పెడతారో అని నా భయం. వాళ్ళు వినలేదు. మూడోసారికి అందుకుంది. కాలవ గట్టు దాటేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదివినవాళ్ళకి చాలీస్‌గావ్ గుర్తొచ్చే ఉంటుంది. 1929లో బొంబాయి ప్రభుత్వ కమిటీ పని మీద వెళ్ళి వస్తూ ఆయన అక్కడ దిగాడు. వాడదాకా తీసుకెళ్ళడానికి టాంగావాళ్ళెవరూ ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలడం మాత్రం మా వల్ల కాదన్నారు. చివరికి మన మనిషే ఒకడు, టాంగా తోలడం తెలియనివాడు, పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుని అంబేద్కర్ రాళ్ళ మీద ఎగిరిపడ్డాడు. కాలు విరిగింది. అదే పుస్తకంలో 1901 నాటి సంగతి కూడా ఉంది. మసూర్ స్టేషన్లో దిగిన పిల్లలకి రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు తోలడానికి రాలేదు. పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది, వాడు పక్కన నడిచాడు. ఈ రెండు సంగతులనీ మనం అవమానం గురించి చెప్పడానికే వాడతాం. నాకు వాటిలో ఇంకో ప్రశ్న కూడా కనిపిస్తుంది: వెళ్ళడానికి, తిరిగి రావడానికి మనం ఎవరి మీద ఆధారపడుతున్నాం?

తోస్తే కదిలే బండి తోసేవాళ్ళున్నచోట మాత్రమే బండి. అందుకని ఇంటికి రాగానే మంచి సెల్ఫ్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

బాబాయ్ మొట్టమొదట చెప్పింది, కొనొద్దని. ‘ముందు రోగం ఏదో తేల్చుకోమ్మా. సెల్ఫ్ మార్చినవాళ్ళలో చాలామంది మార్చాల్సింది సెల్ఫ్ కాదు.’ శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడాయన. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందో, టెర్మినళ్ళు వదులయ్యాయో. ఒక్క టక్ వచ్చి ఆగిపోతే సాలినాయిడ్ లోపలి కాంటాక్టులో, కార్బన్ బ్రష్‌లో అరిగాయి. రయ్యిమని తిరుగుతోంది గానీ ఇంజిన్ కదలట్లేదంటే బెండిక్స్ జారిపోతోంది, ఫ్లైవీల్ పళ్ళని పట్టుకోవట్లేదు. స్పానర్‌తో మోటారు మీద చిన్నగా కొడితే ఒకటి రెండుసార్లు పనిచేస్తే బ్రష్‌లు చివరికొచ్చినట్టు.

శబ్దం నమ్మని నా బోటివాళ్ళకి మీటర్ ఉంది. బండి ఆపి ఉన్నప్పుడు బాగున్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కి బాగా కిందికి పడిపోతే ముందు బ్యాటరీని అనుమానించాలి. మీటరు ఒక కొసని బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొసని ఇంజిన్ ఒంటి మీద పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు పైన చూపిస్తే ఎర్త్ వైరు బాగాలేదని. సెల్ఫ్ ఒక్క క్షణంలో వంద ఆంపియర్ల దాకా లాగుతుంది, తుప్పుపట్టిన వైరు దాన్ని మొయ్యలేదు. నా కారులో బ్యాటరీ బాగుంది, ఎర్త్ బాగుంది. రోగం సెల్ఫ్‌దే.

విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. లారీ బాడీలు కట్టేవాళ్ళు, పట్టీలు కొట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, వీధికొక పని. మొదటి షాపులో నేను ‘2005 ఎయిట్ హండ్రెడ్‌కి సెల్ఫ్ కావాలి’ అన్నాను. కౌంటర్లో మనిషి నా వెనక చూశాడు, మగమనిషి ఎవరన్నా వచ్చారా అని. ‘మీవారిని పంపించండి మేడమ్, మోడల్ కనుక్కుని.’ మోడల్ నేను చెప్పేశాను గదా అంటే, ‘ఇది టెక్నికల్ అండి’ అన్నాడు. రెండో షాపులో అడిగిందే తడవుగా పెట్టె తీసి ముందు పెట్టారు. పెట్టె మీద పెద్ద కంపెనీ పేరుంది, మోటారు ఒంటి మీద మాత్రం పార్ట్ నంబరే లేదు. లేబుల్ అంచు గోటితో గీరితే లేచొచ్చింది. బిల్లు ఇస్తారా అంటే బిల్లయితే వేరే రేటన్నారు. దండం పెట్టి బయటికొచ్చాను.

పాత కారుకి సెల్ఫ్ నాలుగు రకాలుగా దొరుకుతుంది. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి, ధర ఎక్కువ. లూకాస్ టీవీఎస్, బాష్ లాంటి విడిభాగాల కంపెనీలు సొంత పేరుతో అమ్మేవి రెండోది. అధీకృత డీలరు దగ్గర బిల్లుతో, వారంటీ కార్డుతో కొంటే నా లెక్కలో ఇదే మేలు. మూడోది రీకండిషన్, నాలుగోది తుక్కు యార్డులో ఇంకో కారు నుంచి విప్పినది. తుక్కుది ఎన్నాళ్ళు నడిచిందో, ఏ వానకి తడిసిందో దానికే తెలియాలి. నేను దాని జోలికి పోను. రీకండిషన్‌లో మంచీ ఉంది, మోసమూ ఉంది. కొందరు పైన రంగేసి ఇస్తారు, కొందరు నిజంగా విప్పి చేస్తారు. తేడా అంతా చేసే మనిషిలో ఉంది.

ఆ మనిషి ఆటోనగర్ వెనక సందులో దొరికాడు. అరవై దాటిన సాయిబు, అందరూ భాయ్ అంటారు. నలభై ఏళ్ళుగా సెల్ఫులు, డైనమోలు తప్ప ఇంకో పని చెయ్యలేదట. నా సెల్ఫ్ విప్పించి, బల్ల మీద పెట్టి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ‘చూడమ్మా, నీ బండి గదా, నువ్వే చూడాలి.’ కార్బన్ బ్రష్‌లు గోరంత మిగిలాయి. బుష్‌లు అరిగి ఆర్మేచర్ ఒక పక్కకి ఒరిగి రాసుకుంటోంది. వైండింగ్ ఒకచోట నల్లబడింది. ‘బ్రష్‌లూ బుష్‌లూ అయితే నేను చేసిస్తా. ఆర్మేచర్ కాలింది గనక కొత్తది కొనుక్కో. చేసిస్తే డబ్బులొస్తాయి నాకు, ఏడాదికి మళ్ళీ నా దగ్గరికే వస్తావు.’ తన బేరం తనే పోగొట్టుకునే మనిషిని ఆ రోజంతా మొదటిసారి చూశాను.

కొత్తది తెచ్చాక మళ్ళీ ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ముందు పినియన్ పళ్ళు లెక్కపెట్టాడు, తర్వాత బోల్టు కన్నాల దూరం కొలిచాడు. ఒకే పేరున్న కారుకి కూడా ఏడాదిని బట్టి తేడాలుంటాయి, పళ్ళు కలవకపోతే ఫ్లైవీల్ పళ్ళు రాలతాయి. పినియన్‌ని చేత్తో తిప్పి చూపించాడు: ఒక పక్కకి తేలిగ్గా తిరగాలి, రెండో పక్కకి బిగుసుకోవాలి. తర్వాత మోటారుని వైస్‌లో బిగించి బ్యాటరీ కలిపాడు. పినియన్ ‘ఠక్’మని ముందుకు దూకి గిర్రున తిరిగింది. బల్ల మీద తిరగనిది బండిలో తిరగదు, బిగించే ముందే చూసుకోవాలి అన్నాడు. పాత బండి ఉన్న ప్రతి కార్యకర్తా ఈ రెండు నిమిషాల పరీక్ష అడిగి చేయించుకోండి. చెయ్యనన్నవాడి దగ్గర కొనకండి.

నాకు తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. భాయ్ బల్ల ముందు కూర్చున్న గంటసేపట్లో నాకు తెలియని మాటలు ఇరవై దాకా విన్నాను. వ్యవసాయానికి, చేనేతకి, కుండలకి తెలుగులో వృత్తి పదకోశాలు ఉన్నాయి, మంచి పనే. షెడ్డు భాష మాత్రం నేను చదివిన నిఘంటువుల్లో లేదు. చదువు ఆపేసిన మన పిల్లలు, సాయిబుల పిల్లలు, కమ్మరి వడ్రంగి ఇళ్ళ పిల్లలు పదేళ్ళ వయసునుంచి మాట్లాడుతున్న భాష అది. అందులో ఇంగ్లీషు ఉంది, ఉర్దూ ఉంది, తెలుగు క్రియలున్నాయి. కాలేజీలో దాన్ని కల్తీ భాష అంటారు. చాగంటి వెంట తిరిగే మా సహోద్యోగి ఒకాయన ‘అది తెలుగేనా?’ అన్నాడు. ఆయన కారు ఆగితే ఆ తెలుగులోనే బాగుచేయించుకోవాలి. ప్రతిభ అని పొద్దస్తమానం మాట్లాడేవాళ్ళని భాయ్ సందులో ఒక పూట కూర్చోబెట్టాలని ఉంది. శబ్దం విని జబ్బు చెప్పే చెవి ఏ ప్రవేశ పరీక్షలో కొలుస్తారో నాకూ తెలుసుకోవాలని ఉంది.

అందుకని ఒక నోట్‌బుక్ తెరిచాను. మీ నాన్నలు, బాబాయిలు, అన్నలు షెడ్లలో, లారీల మీద, వైండింగ్ షాపుల్లో వాడే మాటలు అర్థంతో సహా రాసి పంపండి. ఏ ఊళ్ళో అంటారో, ఎవరు అంటారో కూడా రాయండి. స్పెల్లింగు గురించి భయపడకండి, వాళ్ళ నోట ఎలా వస్తే అలాగే రాయండి. నా మొదటి పేజీలో మొదటి మాట బెండిక్స్. బాబాయ్ దాన్ని ‘బెండెస్’ అంటాడు, రెండూ రాసుకున్నాను.